ఉద్యోగం మానే ముందే సొంత పాలసీ

చిరంజీవి సుధకు,

నాన్న ఆశీస్సులు. ఉద్యోగం మానేసి సొంతంగా డిజైన్ పని చేసుకుంటానని నువ్వు చెప్పినప్పటి నుంచి నా ఆలోచన నీ సంపాదన మీద లేదు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఆ ఉద్యోగంతోనే పోతుంది కనుక, ఆఖరి పనిదినం రాకముందే నీ పేరున సొంత పాలసీ ఉండాలని నా గట్టి కోరిక.

కొత్త పాలసీల కోసం వెతికే ముందు, మీ కంపెనీకి బీమా ఇచ్చిన సంస్థకే మెయిల్ రాసి, వ్యక్తిగత పాలసీకి మారే వీలు గురించి అడుగు. వాళ్లు ఒప్పుకుంటే, గ్రూపు పాలసీలో, అంటే కంపెనీ ఉద్యోగులందరికీ కలిపి తీసుకున్న బీమాలో, నీకు గడిచిన కాలాన్ని వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ ఇవ్వకుండా ఆగమనే గడువు) నుంచి తగ్గిస్తారు. థైరాయిడ్ ఉన్న నీకు ఇది చాలా ముఖ్యం. కొత్తగా మొదలుపెడితే మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప క్లెయిమ్ ఉండదు. ముందునుంచీ ఉన్న జబ్బులకైతే 3 ఏళ్ల వరకు ఆగమనవచ్చు. 2024 ఏప్రిల్‌కు ముందు ఈ గడువు 4 ఏళ్లు ఉండేది.

ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం ఇచ్చే దరఖాస్తు, నువ్వే నింపు తల్లీ, ఏజెంటుకు వదిలెయ్యకు. థైరాయిడ్ పెద్ద జబ్బేమీ కాదు, రాయనక్కరలేదని ఎవరు చెప్పినా వినవద్దు. రోజూ వేసుకునే మాత్ర పేరు, మోతాదుతో సహా రాయి. పాలసీ 60 నెలలు ఎడతెగకుండా నడిచాక, మోసం రుజువైతే తప్ప, విషయం దాచారన్న కారణంతో క్లెయిమ్ నిరాకరించకూడదని నియమం ఉంది. అంతకుముందు మాత్రం దాచిన ఒక్క విషయం చూపించి క్లెయిమ్ కొట్టేయవచ్చు, పాలసీనే రద్దు చేయవచ్చు. ఉన్నది ఉన్నట్టు రాయడం వల్ల ప్రీమియం కొంత పెరిగితే పెరగనీ.

ఆసుపత్రి గది అద్దెకు పరిమితి ఉన్న పాలసీ జోలికి పోవద్దు. రోజుకు 5,000 రూపాయల పరిమితి ఉండి నువ్వు 10,000 గదిలో చేరితే, కోత అద్దెతో ఆగదు; డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఖర్చు వంటివాటిలోనూ సగమే ఇస్తారు. మందులకు ఈ కోత వర్తించదు గానీ, పెద్ద బిల్లులో మిగతా భాగమే ఎక్కువ ఉంటుంది.

అమ్మనూ నన్నూ నీ పాలసీలో చేర్చాలని చూడకు. కుటుంబమంతటికీ కలిపి తీసుకునే ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీకి ప్రీమియం అందరిలో పెద్దవారి వయసును బట్టి లెక్కగడతారు కనుక, మా వయసు భారం నీ మీద పడుతుంది. మాకు విడిగా తీసుకుందాం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు కనుక ఇప్పుడు కొంత వెసులుబాటు కూడా ఉంది.

ఇకమీదట నీకు జీతం తేదీ ఉండదు కాబట్టి ఏడాది ప్రీమియాన్ని ముందే పక్కన పెట్టుకో. గడువు దాటాక 30 రోజుల్లో కట్టినా పాలసీ కొనసాగుతుంది, కానీ ఏడాదికోసారి కట్టేవారికి ఆ మధ్య రోజుల్లో వచ్చిన జబ్బుకు డబ్బు రాదు.

పాలసీ చేతికి వచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇవ్వవచ్చు. అందుకే రాగానే ఒక ప్రతి నాకు పంపు. థైరాయిడ్ సంగతి నువ్వు రాసినట్టే అందులో నమోదైందో లేదో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ నాన్న