గేదెకు చోటు లేని ఇల్లు

రాష్ట్ర గృహనిర్మాణ శాఖ కార్యదర్శి గారికి,

హైదరాబాదులో ఇళ్ల నమూనాలు గీసే ఆర్కిటెక్టును. మా పెద్దమ్మ ఊరు జలాశయంలో మునిగింది. పునరావాస కాలనీలో ఇచ్చిన ఇల్లు గట్టిదే, కాదనను. కానీ గేదెను మెట్ల కింద కడుతోంది, మిరపకాయలు రోడ్డు మీద ఆరబోస్తోంది. కొడుకు పెళ్లికి పైన ఒక గది వేద్దామంటే, పిల్లర్లు ఆ బరువు మోయవన్నాడు మేస్త్రీ.

ఇందిరమ్మ ఇంటికి కనీసం 400 చదరపు అడుగులు ఉండాలన్నారు. సంతోషం. దాన్ని పూర్తయిన ఇల్లుగా కాక మొదటి ముక్కగా చూడండి: వంటగది, స్నానాల గది, ఒక పడకగది, ముందు అరుగు. మిగతా గదులను ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీటు పలకలతో, కుటుంబం పెరిగినప్పుడు బిగించుకోవాలి. (ఉయ్యాల కొక్కేలు పోతపోసేటప్పుడే పెట్టించండి, తర్వాత తొలిస్తే పలక దెబ్బతింటుంది.)

పునాది మాత్రం నేలను బట్టే. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలిస్తుంది. అక్కడ నేలలోకి లోతుగా దించి, అడుగున ఉబ్బుగా పోసే కాంక్రీటు స్తంభాలు (అండర్ రీమ్డ్ పైల్స్) కావాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఏనాడో తీర్చిదిద్దిన పద్ధతే. శ్లాబు కింది భాగంలో పెంకులు పేర్చి పోస్తే కాంక్రీటు కలిసొస్తుంది, మే నెల ఉక్కా కొంత తగ్గుతుంది.

నమూనా ఇంటిని మాదాపూర్ ప్రదర్శనలో పెట్టకండి. కాలనీలోనే కట్టి, మా పెద్దమ్మను నెల రోజులు ఉండనివ్వండి. గేదెతో సహా.

ఇట్లు,
ఒక ఆర్కిటెక్టు