మా దుకాణంలో కొత్త సిమ్‌లు ఎందుకు ఆపేశామంటే

కాశీబుగ్గలోని మా సెల్ దుకాణానికి ఏళ్లుగా వస్తున్న వారందరికీ నమస్కారం. మా కౌంటరులో కొత్త సిమ్ కనెక్షన్లు, పోయిన సిమ్‌కు బదులు ఇచ్చే డూప్లికేట్లు, నంబరు మారకుండా కంపెనీ మారే పోర్టింగు, ఈ మూడూ ఆపేశాము. రీచార్జులు, మరమ్మతులు ఎప్పటిలాగే ఉంటాయి. పోలీసులు మూయించారనీ, సిమ్‌లు ఇవ్వడానికి కంపెనీ మాకిచ్చిన కోడు రద్దు చేసిందనీ బజారులో తిరుగుతున్న మాట నిజం కాదు. కోడు ఈ రోజుకీ పనిచేస్తూనే ఉంది. దానిని వాడకూడదని నిర్ణయించుకున్నది నేను.

నెలాఖరు దగ్గరపడితే డిస్ట్రిబ్యూటరు తన మనిషినొకరిని గొడుగూ బల్లతో మా కొట్టు ముందు కూర్చోబెట్టడం ఈ వ్యాపారంలో ఉన్నదే. టార్గెట్ డిస్ట్రిబ్యూటరుది, కూర్చునేది డిస్ట్రిబ్యూటరు మనిషి, యాక్టివేషన్లు నమోదయ్యేది మాత్రం మా పేరుతో ఉన్న పీఓఎస్ (సిమ్ అమ్మే చోటు) కోడు మీద. ఒప్పందంలోనే అలా రాసి ఉంటుంది కనుక కాదనే వీలు మాకు లేదు. మా దగ్గరకు వచ్చేవారిలో జీడి పరిశ్రమల్లో పిక్కలు కోసే, పప్పు ఒలిచే ఆడవారు ఎక్కువ. ఏళ్ల తరబడి జీడి అంటీ అంటీ వారి బొటనవేళ్లు నల్లబడి, గీతలు అరిగిపోయి ఉంటాయి. వేలిముద్ర యంత్రం ఒక పట్టాన వాటిని గుర్తించదు. పైట చెంగుతో వేలు తుడుచుకుని, తలనూనె కాస్త అద్దుకుని, "నా ఏలు అరిగిపోనాది బాబూ, నీ మిసనుకి ఆనదు" అంటూ విసుగు లేకుండా మళ్లీ మళ్లీ పెడతారు. ఆ మనిషి వాడుకున్నది సరిగ్గా దీనినే. మొదటిసారే ముద్ర పడినా పడలేదని చెప్పి, రెండోసారి వేలు పెట్టించి, ఆ రెండో ముద్రతో అదే ఆధార్ మీద ఇంకో కనెక్షను తీసి, ఆ సిమ్‌ను తన జేబులో వేసుకున్నాడు.

ఈ సంగతి బయటపడింది మా తనిఖీ వల్ల కాదు, కంపెనీ తనిఖీ వల్ల అంతకంటే కాదు. చెన్నైలో పనిచేసుకుంటున్న ఒక కుర్రవాడు ప్రభుత్వ టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో తన తల్లి పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూసి, తెలియని నంబరు కనబడేసరికి నాకు ఫోను చేశాడు. ఆ నెలలో సిమ్ తీసుకున్న వారందరినీ పిలిపించి, ఎవరి ఫోనుకు వచ్చిన ఓటీపీతో వారి వివరాలే చూపించాను. మరికొందరి పేర్ల మీద కూడా అలాంటివే కనిపించాయి. వాటన్నిటినీ "నా నంబరు కాదు" అని అక్కడికక్కడే నమోదు చేయించి, పోలీసు స్టేషనులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, దాని నకలు డిస్ట్రిబ్యూటరుకూ కంపెనీకీ పంపాను.

డిస్ట్రిబ్యూటరు సమాధానం ఇప్పటికీ నా చెవిలో మోగుతోంది. నంబర్లు మూయించేస్తాం, ఇలాంటివి అన్ని కొట్లలోనూ జరిగేవే, నెలాఖరున గొడవ పెట్టుకోవద్దు అన్నారు. ఆ మనిషిని వేరే ఊరికి మార్చారు. కంపెనీ వారు విచారణ పూర్తయ్యేదాకా నా కోడు ఆపి, తర్వాత నా ప్రమేయం లేదని తేల్చి తిరిగి తెరిచారు. ఆ మాట కాగితం మీద రాసిచ్చారు కూడా. కాగితం ఫ్రేము కట్టించమని మిత్రులు సరదాకి అన్నారు గానీ, నాకు ఆ సరదా కలగలేదు. కోడు ఆగి ఉన్న రోజుల్లో మా గుమ్మం ముందు నిలబడి "దొంగ సిమ్‌ల కొట్టు" అన్నవారికి నేను ఏ కాగితం చూపించేది?

నిబంధనలు కఠినంగా ఉన్నాయని నేను ఫిర్యాదు చేయడం లేదు. కఠినంగానే ఉండాలి. 2023 ఆగస్టులో కేంద్ర టెలికాం మంత్రి 52 లక్షల దొంగ కనెక్షన్లు తొలగించామనీ, 67,000 మంది డీలర్లను బ్లాక్‌లిస్టులో పెట్టామనీ ప్రకటించినప్పుడు, మా వ్యాపారంలో ఉన్న కుళ్లు ఎంతో మాకంటే ఎవరికి బాగా తెలుసు? ఆ నెలాఖరునే టెలికాం శాఖ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సిమ్ అమ్మే ప్రతి చోటునూ పీఓఎస్‌గా నమోదు చేయాలి. నమోదు లేనివారి చేత కనెక్షను ఇప్పిస్తే కంపెనీకి 10 లక్షల జరిమానా. అక్రమానికి పాల్పడిన పీఓఎస్‌కు ఒప్పందం రద్దు, మూడేళ్ల బ్లాక్‌లిస్టు. 1885 నాటి టెలిగ్రాఫు చట్టం స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టమైతే, మోసంతోనో వేరొకరిలా నటించో సిమ్ సంపాదించినవారికి మూడేళ్ల వరకు జైలు, లేదా 50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది.

ఈ కౌంటరు వెనుక కూర్చుని నేను చాలా మార్పులు చూశాను. ఫొటో అంటించి సంతకం పెట్టించుకునే కాగితం ఫారాలు ఉండేవి. 2017లో ప్రతి నంబరుకూ ఆధార్ అన్నారు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో ప్రైవేటు కంపెనీలు ఆధార్ అడగడం ఆగింది. 2019లో చట్టం సవరించి, ఇష్టపడి ఇచ్చేవారి నుంచి తీసుకోవచ్చన్నారు. 2021లో ఆధార్ ఈ-కేవైసీ, అంటే కాగితం లేకుండా ఆధార్‌తోనే గుర్తింపు చూసే పద్ధతి, మళ్లీ వచ్చింది. 2024 జనవరి 1 నుంచి కాగితం ఫారం పూర్తిగా పోయింది. మార్పు వచ్చిన ప్రతిసారీ కొత్త యంత్రమో కొత్త యాప్పో మేమే కొనుక్కుని నేర్చుకున్నాము.

నా బాధల్లా ఒక్కటే. లైసెన్సు కంపెనీది, టార్గెట్ డిస్ట్రిబ్యూటరుది, దొరికిపోయే పేరు నాది. మొర పెట్టుకుందామంటే మాకు తలుపు లేదు. 1997లో ఏర్పడిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ధరలనూ సేవల నాణ్యతనూ చూస్తుంది, విడివిడి ఫిర్యాదులు తీసుకోదు. ఢిల్లీలోని టెలికాం తగవుల ట్రిబ్యునల్ టీడీశాట్ ప్రభుత్వానికీ కంపెనీలకూ మధ్య, కంపెనీలకూ కంపెనీలకూ మధ్య, కంపెనీకీ వినియోగదారుల సమూహానికీ మధ్య వచ్చే తగవులు తీరుస్తుంది. డీలరు ఈ మూడింటిలోనూ లేడు. మీ సంగతి కొంత నయం: టెలికాం సేవల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టంగా చెప్పింది. నాకు మిగిలింది డిస్ట్రిబ్యూటరుతో చేసుకున్న ఒప్పందం కాగితమే.

అందుకే ఆ కాగితంలో ఒక్క వాక్యం చేర్చమన్నాను. నా కోడుతో నేను, లేదా నేను రాతపూర్వకంగా అనుమతించిన మనిషి తప్ప మరెవరూ యాక్టివేషను చేయరాదని. అంతే. కమిషను పెంచమనలేదు, టార్గెట్ తగ్గించమనలేదు. ఒక రోజు సరే అన్నారు, మరుసటి రోజు పైవారు ఒప్పుకోలేదన్నారు. ఇంకో కంపెనీ డిస్ట్రిబ్యూటరు తానే వచ్చి ఎక్కువ కమిషను ఆశ చూపారు గానీ, ఈ వాక్యం దగ్గరకు వచ్చేసరికి ఆయనా నీళ్లు నమిలారు. ఇంట్లో నాకు తిట్లే మిగిలాయి. కోడు తెరిచారు కదా, పంతమెందుకు, నువ్వే కూర్చుని చేసుకోరాదా అన్నారు. రాత్రుళ్లు నేనూ అదే ఆలోచించాను. వజ్రపుకొత్తూరు, మందస వైపు ఊళ్ల నుంచి వచ్చే ముసలివారు బస్సు దిగగానే మా కొట్టుకే వస్తారు. వారిని ఇంకెక్కడికో పంపడం నాకు ఇష్టమై చేస్తున్న పని కాదు. కొత్త కనెక్షన్ల మీద వచ్చేది చిన్న మొత్తమూ కాదు. అయినా, నేను భోజనానికి వెళ్లిన అరగంటలో నా పేరు మీద ఎవరైనా ఏదైనా చేయవచ్చుననే ఒప్పందం కింద ఇంకొకరి బొటనవేలు పట్టుకోవడానికి నా చేయి రాలేదు. పంతమంటే పంతమే అనుకోండి. ఆ వాక్యం రాసిచ్చే వారెవరైనా వస్తే మర్నాడే మొదలుపెడతాను.

ఇక మీకు సంబంధించిన సంగతులు. మీ పేరు మీద ఉన్న నంబర్లు చూసిపెట్టడం మా దగ్గర ఉచితం. మీ ఫోను తెచ్చుకోండి, ఓటీపీ మీరే కొట్టండి, నాకు కూడా చెప్పవద్దు. ఒకరి పేరు మీద తొమ్మిదికి మించి కనెక్షన్లు ఉండరాదు. ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ నంబరు ఆపేస్తాం అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. ట్రాయ్ అలా ఎవరికీ ఫోను చేయదు. డబ్బు పోయి ఉంటే మా కొట్టుకు రాకముందే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేయండి. కొత్త సిమ్‌కైనా డూప్లికేటుకైనా కంపెనీ సొంత దుకాణానికే వెళ్లండి, వేలు రెండోసారి పెట్టమంటే ఎందుకని అడగండి, వేలు పడకపోతే ముఖం చూపించి చేసే పద్ధతి కూడా ఉందని చెప్పండి. డూప్లికేటు తీసుకున్నాక ఏడు రోజుల దాకా పోర్టింగు కుదరదు.

1900కి సందేశం పంపి పోర్టింగు కోడు తెచ్చుకుని మా దగ్గర పేరు రాయించుకున్నవారు గమనించండి, ఆ కోడు నాలుగు రోజులే చెల్లుతుంది. నా కోసం ఆగవద్దు. సిమ్ కోసం అడ్వాన్సు కట్టినవారు దుకాణం తెరిచి ఉన్న ఏ వేళకైనా వచ్చి డబ్బు తీసుకెళ్లవచ్చు, రసీదు పోయినా ఫరవాలేదు, పేర్లన్నీ పుస్తకంలో ఉన్నాయి.