ఆరోగ్య శాఖ మంత్రి గారికి: కేసు భయం తీర్చండి, వైద్యం దగ్గరికి తెండి

నమస్కారమండి. మాది రాజోలు దగ్గర ఒక ఊరు, కొబ్బరి వ్యాపారం. గంజాయి మీద ప్రభుత్వం పెట్టిన ఈగల్ పోలీసు బృందం, సమాచారం చెప్పే 1972 నంబరు, కాలేజీల్లో ర్యాలీలు అన్నీ చూస్తున్నాం, వాటిని తప్పుపట్టడం లేదు. ఏజెన్సీ నుంచి సరుకు దిగకుండా ఆపడం పోలీసుల పని. కానీ ఇప్పటికే అలవాటు పడ్డ కుర్రాడిని ఏం చెయ్యాలి? అది మీ శాఖ పని, అందుకే హోం మంత్రి గారికి కాకుండా మీకు రాస్తున్నాను.

మా దగ్గర గొడవ గంజాయి ఒక్కటే కాదండి. కొబ్బరికాయల దింపులకీ ఒలుపులకీ వచ్చే కుర్రాళ్ళలో కొందరు నొప్పుల బిళ్ళతో మొదలెట్టారు. ట్రమడాల్ వేసుకుంటే నడుం నొప్పి తెలీదు, పని సాగుతుంది, కొన్నాళ్ళకి ఒకటి చాలదు, వెయ్యని రోజు ఒళ్ళు నొప్పులు, చెమటలు, విరేచనాలు, నిద్ర ఉండదు. డోసు పెంచితే ఫిట్స్ కూడా వస్తాయి. మా దగ్గర పనిచేసే ఒకబ్బాయి కాయల రాశి పక్కనే ఫిట్స్ వచ్చి పడిపోతే చేతిలో తాళాలు పెట్టారు, ఎవరో గాలి సోకిందన్నారు, వాడి లుంగీ మడతలో ఖాళీ స్ట్రిప్పు దొరికాక గానీ సంగతి తెలీలేదు.

ఈ ట్రమడాల్ గట్టి నిఘా ఉండాల్సిన మందుల జాబితా షెడ్యూల్ హెచ్1లో ఉంది, 2018లో మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) కిందకీ తెచ్చారు. చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరు రాశారు, ఎవరికి, ఎన్ని ఇచ్చారు అన్నది విడిగా రిజిస్టర్లో రాసి మూడేళ్ళు ఉంచాలి. మరి ఆ స్ట్రిప్పు ఏ రిజిస్టర్లో ఎక్కినట్టు? హోల్‌సేల్ బిల్లుల్నీ షాపు రిజిస్టర్నీ పక్కపక్కన పెడితే ఒక పూటలో తేలే లెక్క, ఔషధ నియంత్రణ శాఖ మీ చేతి కిందే కదండీ.

ఇంకోటి. ఆ ఫిట్స్ వచ్చిన అబ్బాయి తల్లి ఆస్పత్రికి తీసుకెళ్ళనంది. "డాక్టరు పోలీసులకి చెప్తే లోపలేస్తారు బాబూ" అని ఒకటే ఏడుపు. కానీ అదే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడకం కేసైనా, కొద్దిపాటి సరుకు దొరికిన కేసైనా, తనంతట తాను ప్రభుత్వ ఆస్పత్రిలోనో ప్రభుత్వం గుర్తించిన చోటో వైద్యం చేయించుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు, మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. ఈ ముక్క ఆ తల్లికి ఎవరు చెప్పాలి? నేను చూసిన బ్యానర్ల మీద జైలు ఊచలే ఉన్నాయి. పెళ్ళి చేస్తే దారికొస్తాడనే సలహాలకి మాత్రం కొదవ లేదు (ఆ వచ్చే పిల్ల ఏం పాపం చేసిందో!).

ఎలాగో ఒప్పించినా, రాజోలు నుంచి అమలాపురం, అక్కడ బస్సు మారి ఎదుర్లంక వారధి దాటి యానాం మీదుగా కాకినాడ పెద్దాస్పత్రి. ఒక్కసారితో అయ్యేది కాదు, నెలల తరబడి తిరగాలి, తోడొచ్చిన మనిషి కూలీ కూడా పోతుంది. అందుకని రాజోలు, ముమ్మిడివరం, రావులపాలెం లాంటి చోట్లకి వారానికొక రోజు మానసిక వైద్యుణ్ణి పంపండి, మందులు అక్కడే ఇప్పించండి. 64ఏ సంగతి, మత్తు మాన్పించే 14446 హెల్ప్‌లైన్ నంబరు ఆశా కార్యకర్తలతో ఇంటింటికీ చెప్పించండి.

డాక్టరు గారు ఏ వారం వస్తారో ముందే చాటింపు వేయిస్తే ఆ కుర్రాణ్ణి నా బండి మీదే తీసుకొస్తాను, ఆ రోజు కూలీ కూడా నేనే ఇస్తాను.