లాల్‌బాగ్‌లో నీ పని చూశాక

అమ్మడూ,

పిల్లలకు చెట్లూ పురుగులూ చూపించే నీ ఇంటర్న్‌షిప్ అయిపోయాక ఏం చెయ్యమంటావని ఫోన్లో అడిగావు. మీ పెద్దత్త పక్కనే కూర్చుని ఉంది, అప్పుడు సరిగ్గా మాట్లాడలేకపోయాను. నా మాట ముందే చెప్పేస్తున్నాను. ఆ పనిలోనే ఉండు.

"పిల్లల్ని పార్కుల్లో తిప్పడం కూడా ఉద్యోగమేనా" అని అత్త అన్నదని నొచ్చుకోకు. హిందూపురంలో ఇన్నేళ్ళు హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పినదాన్ని, ఆ పని ఎందుకు కావాలో నాకు తెలుసు. పర్యావరణం బడుల్లో తప్పనిసరిగా చెప్పాలని లాయరు ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. 2003లో మళ్ళీ గట్టిగా అడిగింది. పుస్తకం వచ్చింది, పరీక్ష వచ్చింది, మార్కులు వచ్చాయి. గేటు దాటి బయటికి వెళ్ళే పీరియడ్ మాత్రం టైంటేబుల్లోకి రాలేదు. సిలబస్ తరుముతుంటే ఏ టీచరు తీసుకెళ్తుంది? ఆ మిగిలిపోయిన పీరియడ్ ఇప్పుడు నువ్వు చెబుతున్నావు.

మొన్న బెంగళూరు వచ్చినప్పుడు లాల్‌బాగ్‌లో మీ గుంపు వెనకే నడిచాను కదా, అన్నీ చూశాను. కెంపేగౌడ గోపురం ఉన్న ఆ బండ వయసు 300 కోట్ల ఏళ్ళని చెప్పావు. హైదర్ అలీ 1760లో తోట మొదలుపెట్టాడనీ చెప్పావు. ఆ అంకెలు తొమ్మిదేళ్ళ పిల్లలకు ఎక్కడ ఎక్కుతాయి? కానీ చెప్పులు విప్పించి, ఎండ పడే చోటా నీడ ఉన్న చోటా అరచేతులు పెట్టి చూడమన్నావు చూడు, అది ఎక్కింది. ఆ తర్వాత ఒక్కరూ బండ మీద కాగితం ముక్క పడెయ్యలేదు.

మామిడిచెట్టు దగ్గర జరిగింది మాత్రం నీతో వివరంగా మాట్లాడాలి. ఎర్ర చీమలు ఆకులు కుట్టుకుని కట్టిన గూడు చూపించావు. నీలం టోపీ పిల్లాడు, మన తెలుగువాళ్ళ బాబే, వెనక్కి తగ్గి "అక్కా, కుడతాయా?" అన్నాడు. నువ్వు "ఏం కాదురా" అంటూ చెయ్యి పట్టుకున్నావు. ఏం కాకపోవడమేంటి? ఆ చీమలు కుడతాయి, గట్టిగానే కుడతాయి. వాడు సరైన ప్రశ్నే అడిగాడు. "అవును, గూడు ముట్టుకుంటే కుడతాయి, ఇక్కడ నిలబడితే ఏమీ అనవు" అని చెప్పి ఉంటే చాలు. ఒకసారి "ఏం కాదు" అన్నాక చీమ కుట్టిందనుకో, ఆ పిల్లాడు నీ మాటనూ నమ్మడు, చెట్టునూ నమ్మడు.

మీరు ముందుకెళ్ళాక వాడు నా దగ్గరే ఆగిపోయాడు. దూరం నుంచే తొంగిచూసి, ఆకుల మధ్య తెల్లటి దారం కనిపెట్టి "అమ్మమ్మా, ఇది ఎవరు కుట్టారు?" అన్నాడు. కొన్ని చీమలు ఆకు అంచుల్ని దగ్గరికి లాగి పట్టుకుంటాయనీ, ఇంకొన్ని తమ పిల్లపురుగుల్ని నోట కరుచుకుని ఈ అంచుకూ ఆ అంచుకూ తిప్పుతాయనీ, దారం ఆ పిల్లపురుగుల నోట్లోంచే వస్తుందనీ చెప్పాను. "పిల్లలే కుడతాయా!" అని నోరు తెరిచి, పరిగెత్తుకెళ్ళి మిగతావాళ్ళకు చెప్పాడు. నువ్వు చూడలేదు, అందుకే రాస్తున్నాను. భయపడే పిల్లల్ని లాగకు. వాళ్ళు దూరం నుంచి చూసుకుంటూ తమకు తామే వస్తారు.

ఇక నా టెన్షన్ సంగతి. పెద్ద చెట్ల కొమ్మలకు కొండ తేనెటీగల పట్లు వేలాడుతుంటాయి. వాటి కింద పిల్లల్ని కూర్చోబెట్టకు, రాయి ఎత్తనివ్వకు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టి ఉరిమిందంటే వెంటనే బండ దిగిపోండి. చెరువు గట్లకు వెళ్ళేముందు పాముకాటు మందు ఉన్న ఆసుపత్రి ఏది దగ్గరో కనుక్కుని ఉంచుకో. ఖర్మకాలి ఎవరినైనా కాటేస్తే కట్లు కట్టడాలూ కోయడాలూ వద్దు, కాలు కదలనివ్వకుండా అక్కడికి చేర్చాలి. వయ్యారిభామ కలుపు మొక్క పూసిన ఖాళీ స్థలాల్లో ఆటలు పెట్టకు, కొందరు పిల్లలకు ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి.

ఇంకొకటి. ప్రతిసారీ కొత్త చోటికే తీసుకెళ్ళాలని మీ వాళ్ళు అనుకుంటున్నట్టున్నారు. నాకైతే అది నచ్చలేదు. ఒక్క చెట్టు దగ్గరికే ఏడాది పొడుగునా తీసుకెళ్ళు. మీ పీజీ వీధిలో కానుగ చెట్లున్నాయిగా, టికెట్టు కూడా అక్కర్లేదు. ఆకులన్నీ రాల్చేసి లేతాకుపచ్చ చిగురు వెయ్యడం, ఆ తర్వాత లేత ఊదారంగు పూలు రోడ్డంతా రాలడం పిల్లలు చూడాలి. ఆ ఆకుల మీద వేళ్ళలా లేచిన బుడిపెలు చూపించి, ఇవేంటో చెప్పండని వాళ్ళనే అడుగు. కంటికి ఆననంత చిన్న మైట్ అనే జీవి చేసే పని అది. సీజన్‌వాచ్ అని చెట్లలో మార్పుల్ని గమనించే కార్యక్రమం ఉంది, వాళ్ళు పిల్లల చేత ఇలాగే వారం వారం ఒకే చెట్టును చూసి రాయిస్తారు, అందులో మీ పిల్లల్నీ చేర్పించు.

స్టైపెండ్ గది అద్దెకే సరిపోతోందని నాన్నతో అన్నావట. పక్షుల్నీ చెట్లనూ ప్రేమించేవాళ్ళు జీతం అడగకూడదని ఎక్కడా లేదు. ఇంటర్న్‌షిప్ ముగిసేలోపే ఉద్యోగం ఇస్తారా, ఎంతిస్తారు అని సూటిగా అడుగు. వాళ్ళు నసిగితే ఇంకో చోట చూసుకుందువుగాని. ఆర్నెల్లు నేను సర్దగలను.

నాన్నకు నేను నచ్చజెబుతాను. నీ పని ఏంటో ఆయన చూడాలి, వచ్చే నెల ఒక ఆదివారం బస్సెక్కించి పంపుతాను. పూల ప్రదర్శన రోజులు కాకుండా చూడు, ఆ జనంలో ఆయనా తిరగలేడు, నీకూ పిల్లల్ని లెక్క చూసుకోవడం కష్టం. ఏ ఆదివారమో చెప్పు. కందిపొడి ఆయన చేతికిచ్చి పంపుతాను.

అమ్మ