పడవ ఎక్కడ కట్టుకుంటున్నారో రాయి

చి. అమ్మడికి,

నాన్న దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మకు మోకాలి నొప్పి కాస్త నయం, తను మాత్రం ఒప్పుకోదు. తమ్ముడు పరీక్షల హడావిడిలో ఉన్నాడు. నీ ఫోన్ వచ్చి చాలా రోజులైంది. మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడుతున్నాయి కానీ జవాబు రావడం లేదు. సిగ్నల్ సరిగా అందట్లేదేమోలే అనుకుంటున్నాం. మొన్న వాణి పిన్ని వచ్చి ఏదో చెప్పింది. అది తర్వాత రాస్తాను, పెద్ద విషయమేం కాదు.

ఈ ఉత్తరం అసలు పడవ కోసం. ఏడాది పొడుగునా పడవలోనే కాపురం అన్నప్పుడు నేను కాదనలేదు. ఉద్యోగమంతా ఓడల ఇంజిన్ రూముల్లో చేసినవాణ్ణి, నీళ్ల మీద ఉండొద్దని నీకు ఏ మొహం పెట్టుకుని చెప్పను? కానీ ఎక్కడ కట్టుకుంటారని అడిగితే "చూస్తున్నాం నాన్నా" అన్నావు. ఆ మాట తర్వాత మళ్లీ కబురు లేదు. చలికాలం దగ్గరపడుతోంది. పడవలు కట్టుకునే మంచి మెరీనాల్లో చలికాలపు జాగాలు ముందే అయిపోతాయి, మిగిలినవి గాలికీ అలకీ ఎదురుగా ఉండేవే.

కిరణ్‌కి కరీబియన్ మీద మనసు అన్నావు. అక్కడ హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. ఆ ఆరు నెలలూ పడవ ఫలానా అక్షాంశాల మధ్య ఉండకూడదని చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో రాసి ఉంటుంది. అందుకని అందరూ దక్షిణానికి, గ్రెనడా వైపు దిగుతారు. ఆ దీవికి తుపాన్లు రావని చాలామంది ఏళ్ల తరబడి నమ్మారు. 2004 సెప్టెంబరులో ఐవాన్ వచ్చి, ఒడ్డుకెక్కించి నిలబెట్టిన పడవల్ని కూడా ఒకదాని మీద ఒకటి పడగొట్టింది. 2024లో బెరిల్ సీజన్ మొదలైన నెలకే, జులై 1న, గ్రెనడాకే చెందిన కారియకూ దీవి మీదుగా పోయింది. మడ అడవుల్లో తాళ్లు కట్టి దాచుకున్న పడవలు కూడా దెబ్బతిన్నాయి. వెళ్లొద్దని కాదు. అక్కడికి వెళ్తే సగం ఏడాది ఒక చోట, సగం ఏడాది ఇంకో చోట అని ముందే అనుకుని వెళ్లాలి. పాలసీ కాగితం మొత్తం చదువు, చిన్న అక్షరాలు కూడా. కళ్లద్దాలు పెట్టుకుని చదువు. పవర్ మారిందేమో చూపించుకోమని చెప్పాను, వెళ్లావో లేదో.

మధ్యధరా అయితే నాకు కొంత నిబ్బరం. అక్కడ చాలా చోట్ల ఆటుపోట్ల తేడా తక్కువ, రాత్రి లేచి తాళ్లు సవరించుకోనక్కర్లేదు. అదే కెనడాలోని ఫండీ అఖాతం లాంటి చోట పోటుకీ పాటుకీ మధ్య పదహారు మీటర్ల దాకా తేడా వస్తుంది. అలా అని మధ్యధరాలో గాలి ఉండదనుకోకు. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో మిస్ట్రాల్, ఇటలీలో ట్రియెస్టే దగ్గర బోరా, వేసవిలో గ్రీసు పక్క ఏజియన్ సముద్రం మీద మెల్టెమి, ఒక్కో గాలికి ఒక్కో దిక్కు. నీ రేవు నోరు ఆ దిక్కుకి తెరిచి ఉందా లేదా అన్నదే ప్రశ్న. 2020 సెప్టెంబరులో ఇయానోస్ అనే తుపాను గ్రీసు పడమటి దీవుల్లో ఎన్నో పడవల్ని ఒడ్డుకి విసిరేసింది. ఇంకోటి, నీ పాస్‌పోర్టుకి యూరప్‌లోని షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. పడవ గడువు వేరు, యూరోపియన్ యూనియన్ బయటి పడవ పన్ను కట్టకుండా అక్కడ 18 నెలలు ఉండొచ్చు. పడవకి హక్కుండి మనిషికి లేకపోతే, ఆ పడవలో ఎవరు కాపురం చేస్తారు? ఏడాదంతా ఉండాలంటే రెసిడెన్స్ పర్మిట్ సంగతి ముందు తేల్చుకోవాలి.

ఇంగ్లండ్ కాలువల గురించి కూడా ఒకసారి అన్నావు. అక్కడ తుపాను భయం లేదు. కానీ సొంత జాగా లేని పడవ ఒక చోట వరసగా 14 రోజులకు మించి ఉండకూడదని 1995 చట్టం. చలికాలంలో లాకులు రిపేర్లకని మూసేస్తుంటారు, ఎటు కదలాలన్నా ముందే చూసుకోవాలి. ఇద్దరుంటే ఒకరు స్టీరింగ్ దగ్గర, ఒకరు లాకు గేటు దగ్గర. ఒక్కరే అయితే ఆ తడి మెట్లెక్కి, తాడు చుట్టి, గేటు నెట్టి, మళ్లీ పడవలోకి దిగాలి.

వాణి పిన్ని చెప్పింది ఇదే. కిరణ్‌కి ఒడ్డు మీద ఎక్కడో ఉద్యోగం దొరికిందట, వారానికో పది రోజులకో వస్తాడట, పడవలో నువ్వొక్కదానివే ఉంటున్నావట. ఆవిడకి ఎవరు చెప్పారో చెప్పలేదు. నేను నమ్మలేదు. ఉంటే నువ్వే చెప్పేదానివి కదా. మీ అమ్మకి ఇంకా తెలియదు.

సరే, చలి సంగతి. నీళ్లలో కూర్చున్న పడవ లోపల మనిషి ఊపిరే గోడలకి చెమ్మగా పడుతుంది. పరుపు ఎత్తి అడుగున చెయ్యి పెట్టి చూడు, తడిగా తగిలితే కింద గాలి ఆడేలా చెక్క పలకలు వెయ్యి. నీకు చిన్నప్పటి నుంచి జలుబు ఛాతీలోకి దిగే గుణం ఉంది. హీటర్ పెట్టుకో, కానీ కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోకు. ఆ గ్యాస్‌కి వాసన ఉండదు, తలనొప్పి, నిద్రమత్తు అనుకునేలోపే మనిషి లేవలేడు. గడ్డకట్టే చోట్ల జెట్టీ మీది నీటి కుళాయిలు చలికాలం కట్టేస్తారు, నీళ్లు ఎక్కణ్నుంచి మొయ్యాలో ఇప్పుడే అడుగు. మంచు పట్టిన తేలే జెట్టీ మీద చెప్పు జారితే పడవకీ జెట్టీకీ మధ్య పడతావు. బాగా చల్లటి నీళ్లలో మొదటి నిమిషం ఊపిరి మన మాట వినదు, పది నిమిషాలయ్యేసరికి చేతులు పట్టు తప్పుతాయి. ఎంత ఈత వచ్చినా అంతే. జెట్టీకి నిచ్చెన ఎక్కడుందో, అది నీటి లోపలి దాకా ఉందో లేదో చూశావా? రాత్రి పూట లైఫ్ జాకెట్ వేసుకునే నడువు, ఎవరు నవ్వినా సరే.

రావుగారు నీకు గుర్తుండాలి, నీకు ఇత్తడి దిక్సూచి ఇచ్చినాయన. రిటైరయ్యాక ఆయన పడవ కొనుక్కుని మెరీనాలో చిట్టచివరి జాగా తీసుకున్నారు. అద్దె తక్కువ, చప్పుడు లేదు, ఎదురుగా నీళ్లే. ఆయనకి ఎంతో నచ్చింది. ఆయన భార్య, మన అత్తయ్యగారికి నచ్చలేదు. "ఈ మూలకి కుక్క కూడా రాదు, మీకేమైనా అయితే ఎవరికి తెలుస్తుంది" అని రోజూ పోరి, ఎక్కువ అద్దె కట్టించి నడిమధ్యకి మార్పించారు. అక్కడ అందరూ ఏడాదంతా ఉండేవాళ్లే, వచ్చేపోయే వాళ్ల అడుగుల చప్పుడు. ఆయన చాలా విసుక్కున్నారు, నాతో కూడా అన్నారు.

ఆ చలికాలం అత్తయ్యగారు కూతురి దగ్గరికి వెళ్లారు. ఒక రాత్రి రావుగారు నిద్రపోతుండగా పక్క పడవలో ఉండే పెద్దావిడ ఏదో పనికి బయటికొచ్చింది. ఈయన పడవ పక్క నుంచి నీళ్లు ధారగా పడుతున్న చప్పుడు వినిపించింది. పడవ అడుగున చేరే నీళ్లు తోడే బిల్జ్ పంపు అప్పుడప్పుడు ఓ నిమిషం ఆడి ఆగాలి. ఇది ఆగడం లేదు. ఆవిడ తిరిగి వెళ్లి పడుకోలేదు, వచ్చి గట్టిగా తలుపు బాదింది. ఈయన లేచి కాలు కింద పెడితే నేల పలకల మీదికి నీళ్లు. బ్యాటరీ నీరసించి పంపు మూలుగుతోంది. టాయిలెట్ కింద నీళ్లు తీసుకునే వాల్వు మెడ దగ్గర విరిగిపోయింది. ఆయన పాతకాలం చీఫ్ ఇంజినీరు కాబట్టి ప్రతి వాల్వు పక్కనా ఒక కొయ్య బిరడా దారంతో కట్టి ఉంచారు. అది దిగ్గొట్టి, పైన గుడ్డ చుట్టి, ఇద్దరూ తెల్లారేదాకా బకెట్లతో తోడారు.

తర్వాత ఆ విరిగిన ముక్క నా చేతిలో పెట్టారు. మామూలు ఇత్తడి, విరిగిన చోట గులాబీ రంగు. లోపలి జింక్ అంతా కరిగిపోయి ఒట్టి రాగి బెండులా మిగిలింది, గోటితో గీకితే రాలింది. మిగతా లోహానికి బదులు కరగడానికని పడవ అడుగున కట్టిన జింక్ ఆనోడ్లు చూస్తే బోల్టులు మాత్రమే ఉన్నాయి. ఒడ్డు నుంచి కరెంటు తెచ్చే షోర్ పవర్ వైరులో ఉండే ఎర్త్ తీగ పక్క పడవలన్నిటినీ కలిపేస్తుంది, ఎవరి లోహాన్ని కాపాడటానికో నీ జింక్ కరిగిపోతుంది. ఆ తీగలో గాల్వానిక్ ఐసోలేటర్ పెట్టుకుంటే ఆ బాధ తగ్గుతుంది. ఉప్పు నీటికి జింక్, మంచి నీటికి మెగ్నీషియం, రెండూ కలిసే చోట అల్యూమినియం. చోటు మారితే అవీ మారాలి. కిరణ్‌కి చెప్పు. అతను రోజూ పడవలో లేకపోతే నువ్వే చూసుకో.

ఆయన ఆ మూల జాగాలోనే ఉండి ఉంటే ఆ చప్పుడు ఎవరూ వినేవారు కాదు, అమ్మడూ. అందుకే లంగరు వేసుకుని ఏ ఒంటరి అఖాతంలోనో ఉంటే అద్దె మిగులుతుంది కదా అని ఎవరైనా అంటే వినకు. వేసవిలో ఇద్దరూ ఉన్నప్పుడు వేరు. చలికాలం నువ్వు ఒక్కదానివి, లంగరు జారితే రాత్రంతా మేలుకుని ఎవరు కాస్తారు?

చోటు చూడ్డానికి వెళ్తే ఎండ పూట వెళ్లకు. వాన పడుతున్న రాత్రి వెళ్లు. గేటు నుంచి చివరి పడవ దాకా నడిచి, ఎన్ని పడవల్లో దీపాలు వెలుగుతున్నాయో చూడు. వేసవిలో కిటకిటలాడే మెరీనాలు కొన్ని జనవరిలో నిర్మానుష్యంగా ఉంటాయి. కొన్నిటిలో చలికాలానికే జనం చేరతారు. నీకు ఆ రెండోది కావాలి. తర్వాత ఆఫీసులో కాపురం ఉండటానికి ఒప్పుకుంటారా అని అడిగి, కాగితం మీద రాయించుకో. "ఉండండి, ఎవరూ పట్టించుకోరు" అన్న నోటిమాట పనికిరాదు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో మెరీనా జాగాల్లో మామూలుగా పది శాతానికి మించి కాపురాలకి ఇవ్వరు. ఇలాంటి లెక్కలు చాలా చోట్ల ఉంటాయి. ఉత్తరాలు ఏ అడ్రసుకి వస్తాయి, డాక్టరు ఎంత దూరం, అంబులెన్సు వస్తే గేటు ఎవరు తీస్తారు, ఇవన్నీ అడుగు.

లెక్చర్ ఇవ్వొద్దని అనుకుంటూనే కూర్చున్నాను. ఇంత రాశాను కాబట్టి ఇంకొకటి కూడా రాస్తాను. కిరణ్ ఉద్యోగం నిజమైతే నాకేం కోపం లేదు. డబ్బు కావాలి కదా, అర్థం చేసుకోగలను. మీ ఇద్దరి మధ్యా మాట పట్టింపులు వస్తే అది మీ ఇద్దరిదీ, నేను తల దూర్చను. కానీ నువ్వు ఒక్కదానివే ఉంటే ఉన్నానని చెప్పు. పడవ ఎక్కడ ఉండాలన్న దానికి ఇద్దరికైతే ఒక జవాబు, ఒక్కరికైతే ఇంకో జవాబు. ఏదని అనుకుని రాయను నేను? మీ అమ్మకి ఎలా చెప్పాలో నేను చూసుకుంటాను.

ఈ ఉత్తరం అందగానే రేవు పేరు, జాగా నంబరు, పక్క పడవ వాళ్ల ఫోన్ నంబరు పంపు. పక్కన ఎవరూ లేకపోతే అది కూడా రాయి. చలికాలం నడిమధ్య జాగాకి ఎక్కువయ్యే అద్దె నేను కడతాను, వద్దనకు. రెండు జతల ఊలు మేజోళ్లు, జారని అడుగున్న బూట్లు తమ్ముడి చేత పంపిస్తున్నాను. కాలి సైజు పాతదే కదా? అలారం బటన్ ఈ రోజే నొక్కి చూడు.

ఇట్లు,
నాన్న