కాలనీ సంక్షేమ సంఘం, హనుమకొండ: 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన కాలనీవాసులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక వాటిని మళ్లీ ప్రస్తావించడం లేదు. మొక్కల పెంపకం, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆటస్థలాన్ని ఊడ్పించి, దీపాలు పెట్టించిన మహిళా విభాగానికి సంఘం పక్షాన కృతజ్ఞతలు. ఈ ఏడాది సంఘానికి నిజంగా గౌరవం తెచ్చిన కార్యక్రమం మాత్రం సంక్రాంతి సెలవుల్లో నిర్వహించిన ఓరుగల్లు చారిత్రక స్థలాల సందర్శన.

ఉదయాన్నే వేయిస్తంభాల గుడి వద్ద మొదలుపెట్టాం. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనం ఎదుట మన సభ్యులైన విశ్రాంత చరిత్రోపన్యాసకులు నిలబడి, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒకే మండపం చుట్టూ గర్భగుడులు కట్టిన త్రికూట పద్ధతిని వివరిస్తుంటే, ఏటా శివరాత్రికి వచ్చి దర్శనం చేసుకుని వెళ్లే పెద్దలు కూడా మూడు దిక్కులకూ తిరిగి కొత్తగా చూశారు. పునర్నిర్మాణం కోసం 2006లో విప్పడం మొదలుపెట్టిన కల్యాణ మండపం 2024 శివరాత్రి నాటికి గానీ మళ్లీ తెరుచుకోలేదు. అన్నేళ్లూ ఆ రాళ్లు విడివిడిగా పడి ఉండటం చూసిన వాళ్లం గనుక, నిలబడిన స్తంభాల మధ్య నడిచినప్పుడు కలిగిన సంతోషాన్ని ఈ నివేదికలో నమోదు చేయడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

పద్మాక్షి గుట్ట మీద బండకు చెక్కిన జైన తీర్థంకరుల శిల్పాలు చూసుకుని, భద్రకాళి చెరువు కట్ట మీద ఫలహారాలు ముగించి, ఖిలా వరంగల్ చేరాం. మట్టి కోట, కందకం, నలభై అయిదు బురుజుల రాతి కోట ఒకదాని తర్వాత ఒకటి దాటి లోపలికి పోవాలని చెబితే పిల్లలకు అంతగా ఎక్కలేదు. ఉపన్యాసకులు వారిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టును రాతి కోట ద్వారం గుండా పరుగెత్తమన్నారు. దారి ఉన్నట్టుండి పక్కకు మళ్లడంతో ముందున్నవారు ఆగిపోయారు, వెనకవారు వచ్చి వారి మీద పడ్డారు, గోడ మీది జట్టు చప్పట్లు కొట్టింది. దండెత్తి వచ్చిన ఏనుగులకు, గుర్రాలకు అక్కడ వేగం ఎందుకు చిక్కదో ఆ తర్వాత ఎవరూ వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమయ్యాక కోట నడుమనున్న స్వయంభూ దేవాలయం నేలమట్టమైనా, దాని నాలుగు దిక్కులా ఉన్న కీర్తితోరణాలు నేటికీ నిలిచే ఉన్నాయి. రాష్ట్ర రాజముద్రలో రోజూ చూసే తోరణం మీద హంసలు, తామర మొగ్గలు ఉన్నాయని చాలామందికి ఆ రోజే తెలిసింది. ఒకప్పుడు ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ పేరుతో ముడిపడిన ఖుష్ మహల్ ఏటవాలు గోడలు చూడటంతో సందర్శన ముగిసింది.

బస్సు సమకూర్చిన సభ్యులకు, పులిహోర, పెరుగన్నం వండి పంపిన గృహిణులకు, వృద్ధులను చేయి పట్టి మెట్లెక్కించిన ఇంటర్మీడియెట్ విద్యార్థులకు, రోజంతా గొంతు ఎండిపోయేలా మాట్లాడిన ఉపన్యాసకులకు సంఘం ఎంతో రుణపడి ఉంది.

అయితే కార్యకర్తలుగా పేర్లు ఇచ్చినవారిలో సగానికి పైగా ఆ ఉదయం రాలేదని, రాలేమని ఫోనైనా చేయలేదని బాధతో తెలియజేస్తున్నాను. వారి పనిని కూడా వచ్చినవారే నెత్తిన వేసుకున్నారు. దారిలో తాగునీరు, మరుగుదొడ్ల వసతి కోసం సంబంధిత కార్యాలయానికి ముందుగానే వినతిపత్రం ఇచ్చి, పలుమార్లు తిరిగినా సమాధానం రాలేదు. స్త్రీలు, వృద్ధులు పడిన ఇబ్బందిని ఆ అధికారులు ఒక్కసారి వచ్చి చూసి ఉంటే బాగుండేది.

జమాఖర్చులను ఆడిటరు గారు పరిశీలించి ఆమోదించారు. ప్రతులు కోశాధికారి గారి వద్ద ఉన్నాయి.

2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన పాలంపేట రామప్ప గుడికి వచ్చే శీతకాలంలో వెళ్లాలని కార్యవర్గం తీర్మానించింది. తప్పక రాగలవారు మాత్రమే ఈసారి కార్యకర్తల జాబితాలో పేర్లు రాయించవలసిందిగా కోరుతూ, ఈ నివేదికను సభ ఆమోదం కోసం సమర్పిస్తున్నాను.

ఇట్లు,
కార్యదర్శి