ఆ బాధ నిజమైనదే, చిన్నీ

చిన్నీ,

నీ అభిమాన గాయకుడికి పెళ్లి కుదిరిందని తెలిసినప్పటి నుంచి నువ్వు సరిగ్గా తినడం లేదని అమ్మ చెప్పింది. "ముక్కూ మొహం తెలియనివాడి కోసం ఏడుపేంటి" అని నీ ఫ్రెండ్స్ నవ్వారట. నేను నవ్వను. నీ బాధ నిజమైనదే.

1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి ఒకవైపు బంధానికి 'పారాసోషల్' అని పేరు పెట్టారు. రేడియోలో వినిపించే, టీవీలో కనిపించే మనిషి నేరుగా మనతోనే కబుర్లు చెబుతున్నట్టు మాట్లాడితే, వినగా వినగా మనకు బాగా తెలిసినవాడైపోతాడని వాళ్లు గమనించారు. ఫోన్ వచ్చాక ఆ దూరం ఇంకా తగ్గింది. అర్ధరాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కదానివే లైవ్ చూస్తుంటావు. రేగిన జుట్టుతో అతను "అందరూ తిన్నారా?" అంటాడు. నువ్వు "తిన్నా" అని టైప్ చేస్తావు. అడిగింది లక్షల మందినని నీకు తెలుసు, కానీ మనసు దాన్ని నిన్ను అడిగినట్టే తీసుకుంటుంది. పైగా అతను నిన్ను కసురుకోడు, కాదనడు. మనుషులతో ఉండే ఆ భయం ఇక్కడ ఉండదు.

ఇందులో మంచీ ఉంది. తమ మీద తమకు నమ్మకం తక్కువున్నవాళ్లు ఇష్టమైన సెలబ్రిటీని తలచుకున్నప్పుడు, తాము ఎలా ఉండాలనుకుంటారో దానికి కాస్త దగ్గరైనట్టు భావించారని 2008లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. నువ్వు మొదటిసారి స్టేజీ ఎక్కి పాడింది అతన్ని చూసే కదా. ఆ ధైర్యం నీదే, అతని పెళ్లితో ఎక్కడికీ పోదు.

నా టెన్షన్ వేరే. అతనికి కాబోయే భార్యను తిడుతూ ఎవరో పెట్టిన పోస్టుకు నువ్వు లైక్ కొట్టావు. తల్లీ, ఆ అమ్మాయి నీ దగ్గర ఏదీ లాక్కోలేదు. అతను నీకు మాటిచ్చి తప్పలేదు. తను చూపించాలనుకున్నంత మేరకే చూపించాడు, మిగతాదంతా నువ్వు ఊహించుకున్నావు. అందరూ ఊహించుకుంటారు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ ఆ బాధ కోపమై ఇంకో మనిషి మీద పడితే నేను ఊరుకోలేను. ఆ లైక్ ఇవాళే తీసెయ్యి.

ఏడుపొస్తే ఏడువు, ఏ టైమైనా సరే నాకు ఫోన్ చెయ్యి. అతని పాటల్లో నీకు ప్రాణమైనది ఒకటి పంపు, వింటాను.

నాన్న